ఎక్స్‌టర్నల్ డిస్క్, ల్యాప్‌టాప్ మధ్య కాపీ నత్తనడకన సాగుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాపీ నెమ్మదించగానే చాలామంది డిస్క్ పాడైందనుకుని కొత్తది కొనేస్తారు. తీరా చూస్తే మార్చాల్సింది కేబులే అని తేలే సందర్భాలు ఎన్నో. కాపీ జరిగేటప్పుడు తెర మీద కనిపించే వేగం అంకెను నాడిలా పట్టి చూడండి. అది ఒకే చోట నిలిచిపోయిందా, పైనుంచి కిందికి జారిందా, ఆగి ఆగి కదులుతోందా? ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది. కింది ప్రశ్నలన్నీ ఆ అంకె చుట్టూ తిరిగేవే.

అసలు ఎంత వేగం వస్తే మామూలు అనుకోవాలి?

విండోస్‌లో కాపీ విండో కింద ‘మోర్ డీటైల్స్’ నొక్కితే గ్రాఫ్‌తో పాటు సెకనుకు ఎన్ని ఎంబీలు వెళ్తున్నాయో కనిపిస్తుంది. ఈ పేజీలో చెప్పే వేగాలన్నీ అవే, సెకనుకు ఎంబీలు.

డబ్బా మీద రాసే అంకె, తెర మీద కనిపించే అంకె ఒకటి కావు. డబ్బా మీద ‘5 జీబీపీఎస్’ అంటే గిగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పైగా యూఎస్‌బీ 3.0లో ప్రతి 8 బిట్ల డేటాకు తీగలో 10 బిట్లు ప్రయాణిస్తాయి. అలా ఆ 5 గిగాబిట్లు 500 ఎంబీలకు దిగుతాయి. మిగతా ఖర్చులు పోను చేతికొచ్చేది 400 నుంచి 450. యూఎస్‌బీ 2.0 అయితే కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది 30 నుంచి 40.

ఇదంతా దారి వెడల్పు. బండి సంగతి వేరు. జేబులో పట్టే 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ పెద్ద ఫైళ్ల మీద 100 నుంచి 140 ఇస్తుంది. అది కూడా డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు. నిండేకొద్దీ డేటా, డిస్క్‌లో గిరగిరా తిరిగే పళ్లెం లోపలి వలయాల్లోకి వెళ్తుంది, అక్కడ వేగం దాదాపు సగానికి దిగుతుంది. కాబట్టి తొంభై శాతం నిండిన డిస్క్ 65 దగ్గర నడుస్తుంటే అది జబ్బు కాదు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచేది ఎస్‌ఎస్‌డీ. అందులో పాత రకమైన సాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 3.0 కేసింగ్‌లో (బయటి డబ్బాలో) పెడితే 400 పైన వస్తుంది. ఇంకా వేగమైన రకం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి 10 గిగాబిట్ల కేసింగ్, అదే స్థాయి పోర్టు దొరికితే 900 నుంచి 1000 వస్తుంది. మామూలు పెన్‌డ్రైవ్ చదవడంలో 100 దాటినా రాయడంలో 10 నుంచి 30 మధ్యే కొట్టుకుంటుంది.

100 జీబీ పెళ్లి వీడియోలు కాపీ చేయాలనుకోండి. 35 వేగంతో 48 నిమిషాలు పడుతుంది, 110తో 15 నిమిషాలు, 420తో 4 నిమిషాలు. ల్యాప్‌టాప్ లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే బయట ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ తగిలించినా ఆ లోపలి డిస్క్ వేగమే మీ వేగం.

ఎంత పెద్ద ఫైలైనా 35–40 దగ్గరే నిలబడిపోతోంది. ఎందుకు?

ఈ లక్షణం కనిపిస్తే పెద్దగా వెతకక్కర్లేదు. కనెక్షన్ యూఎస్‌బీ 2.0 స్థాయిలో నడుస్తోంది. గ్రాఫ్ గీత గీసినట్టు చదునుగా ఉంటుంది, ఎగుడుదిగుడులు ఉండవు. డిస్క్ ఇంకా ఇవ్వగలదు, దారే ఇరుకు. ఇలా కావడానికి నాలుగు కారణాలు ఉంటాయి.

మొదటిది కేబుల్. హార్డ్ డిస్క్ వైపు ఉండే మైక్రో బీ ప్లగ్గును దగ్గరగా చూడండి. రెండు ముక్కలు పక్కపక్కన అతికించినట్టు వెడల్పుగా ఉంటుంది. పెద్ద ముక్క అచ్చం పాత ఫోన్ ఛార్జర్ పిన్నులాంటిదే, చిన్న ముక్కలో యూఎస్‌బీ 3.0కి కావలసిన అదనపు ఐదు తీగలు ఉంటాయి. అసలు కేబుల్ కనిపించక పాత ఫోన్ కేబుల్‌ని ఆ పెద్ద సగంలో గుచ్చితే డిస్క్ చక్కగా తెరుచుకుంటుంది, ఫైళ్లు కనిపిస్తాయి, వేగం మాత్రం 35. అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి అనుమానం రాదు. టైప్ సీ వాళ్లది కూడా ఇదే కథ. ఫోన్‌తో వచ్చే టైప్ సీ ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలు యూఎస్‌బీ 2.0 వరకే ఉంటాయి. 100 వాట్ల ఛార్జింగ్ ఇస్తుందని రాసి ఉన్నంత మాత్రాన డేటా వేగంగా వెళ్తుందని కాదు.

రెండోది పోర్టు. చాలా ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా తక్కువ ధరవాటిలో, ఒక పక్కన ఉన్న పోర్టు యూఎస్‌బీ 2.0గానే ఉంటుంది. మౌస్‌ని అటు మార్చి డిస్క్‌ని ఇటు పెట్టండి.

మూడోది మధ్యలోని హబ్. ‘7 పోర్టులు’ అని చవకగా అమ్మే హబ్‌లలో చాలావరకు 2.0వే. నీలం రంగు పోర్టు ఒక్కటి పెట్టి మిగతావన్నీ 2.0గా వదిలేసేవీ ఉన్నాయి.

నాలుగోది చాలామందికి తెలియదు. ల్యాప్‌టాప్‌లో గుచ్చే దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ ప్లగ్గులో 2.0 పిన్నులు ముందు, 3.0 పిన్నులు లోపలికి ఉంటాయి. ప్లగ్గును మెల్లగా తోస్తే ముందు పిన్నులు ముందే తగిలి, ల్యాప్‌టాప్ దాన్ని 2.0 డిస్క్‌గా గుర్తించేస్తుంది. ‘ఎజెక్ట్’ చేసి, తీసి, ఒక్క ఊపున లోపలిదాకా తోయండి. ఖర్చు లేని ఈ పరీక్షే అన్నిటికంటే ముందు చేయాలి.

పోర్టు నీలంగా ఉంటే యూఎస్‌బీ 3.0 అనుకోవచ్చా?

సాధారణంగా అవును, కానీ రంగునే నమ్ముకోవద్దు. 3.0 పోర్టులను కూడా నల్లగా ఇచ్చే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. ఫోన్ టార్చి వేసి పోర్టు లోపలికి చూడండి. నాలుగు వెడల్పాటి రేకులు మాత్రమే ఉంటే 2.0. వాటితో పాటు ఇంకో ఐదు సన్న రేకులు ఉంటే 3.0. పక్కన ‘ఎస్‌ఎస్’ అక్షరాలు, వాటితో 5 లేదా 10 అంకె ఉంటే ఇంకా స్పష్టం.

టైప్ సీ విషయంలో ఆకారం ఏమీ చెప్పదు. ఒకే రూపంలో ఉన్న రంధ్రం వెనక 480 మెగాబిట్లూ ఉండవచ్చు, 40 గిగాబిట్లూ ఉండవచ్చు. ల్యాప్‌టాప్ మోడల్ పేజీలో స్పెసిఫికేషన్లు చూడాల్సిందే. అక్కడ పేర్లు చూసి తికమక పడకండి. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే, 5 గిగాబిట్లు. 3.1 జెన్ 2, 3.2 జెన్ 2 అంటే 10 గిగాబిట్లు.

ఇప్పుడు ఏ స్థాయిలో కనెక్ట్ అయిందో కచ్చితంగా తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది. విండోస్‌లో ‘యూఎస్‌బీ ట్రీ వ్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి మీ డిస్క్ పేరు మీద నొక్కితే ‘హై స్పీడ్’ అనో ‘సూపర్ స్పీడ్’ అనో చూపిస్తుంది. హై స్పీడ్ అంటే వినడానికి ఘనంగా ఉన్నా అది 2.0కి పెట్టిన పేరు. మీకు కావలసింది సూపర్ స్పీడ్. మ్యాక్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి యూఎస్‌బీ భాగంలో డిస్క్‌ని ఎంచుకుంటే వేగం అక్కడే రాసి ఉంటుంది. లైనక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి హైఫన్ టీ జోడించి నడిపితే ప్రతి పరికరం ఎదురుగా 480 అనో 5000 అనో కనిపిస్తుంది.

మొదట 150తో దూసుకెళ్తుంది, కాసేపటికి 10కి పడిపోతుంది. డిస్క్ పోయినట్టేనా?

కాకపోవచ్చు. ఎంతసేపటికి పడింది, దేని మీద పడింది అన్నది చూడాలి.

మొదటి కొన్ని సెకన్లలోనే పడిపోతే ఆ తొలి వేగం అసలు వేగం కాదు. విండోస్ డేటాను ముందు ర్యామ్‌లోకి తీసుకుని, రాసేసినట్టు చూపిస్తుంది. ర్యామ్‌లో కేటాయించిన చోటు నిండాక డిస్క్ నిజంగా ఎంత రాయగలదో అది బయటపడుతుంది. కాపీ 100 శాతం దగ్గరికొచ్చి చాలాసేపు కదలకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. అక్కడ ఓపిక పట్టాలి, ప్లగ్గు లాగకూడదు.

కొన్ని జీబీలు వెళ్లాక పడిపోతే, అదీ పెన్‌డ్రైవ్ లేదా చవక ఎస్‌ఎస్‌డీ అయితే, కారణం కాష్. ఫ్లాష్ చిప్పులో ఒక్కో గడిలో మూడు నాలుగు బిట్లు కుక్కి రాయడం నిదానమైన పని. అందుకని కొంత భాగంలో గడికి ఒక్క బిట్టే వేగంగా రాసుకుని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఆ భాగం నిండాక నేరుగా నిదాన పద్ధతిలో రాయక తప్పదు. డ్రైవ్ నిండేకొద్దీ ఈ భాగం కుంచించుకుపోతుంది కూడా. కాబట్టి పదిహేను ఇరవై శాతం ఖాళీ ఉంచండి, పెద్ద కాపీని విడతలుగా చేయండి.

హార్డ్ డిస్క్ అయి, అంతకుముందు నిండుగా ఉన్నది కొన్ని ఫైళ్లు తీసేసి కొత్తవి రాస్తున్నప్పుడు కుంగిపోతే అది ఎస్‌ఎంఆర్ రకం కావచ్చు. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు ఇంకో పెంకు మీదికి వచ్చినట్టు, ఇందులో డేటా వలయాలు ఒకదాని అంచు మీదికి ఒకటి వస్తాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినీ కదపాలి కదా, అలాగే ఒక వలయం తిరిగి రాయాలంటే పక్క వలయాలనూ తిరిగి రాయాలి. జేబు సైజు డిస్క్‌లలో ఈ రకం చాలా ఎక్కువ. దీనికి రిపేర్ లేదు. కాపీ ఆపి, ప్లగ్గు తీయకుండా గంటో రెండు గంటలో వదిలేస్తే లోపల సర్దుబాటు చేసుకుని మళ్లీ దారిలో పడుతుంది. రోజూ ఫైళ్లు మారుస్తూ పనిచేయడానికి ఈ డిస్క్ పనికిరాదు, ఒకసారి రాసి దాచుకునే బ్యాకప్‌కి బాగుంటుంది.

ఇక ఎన్‌వీఎంఈ కేసింగ్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి, వేగం 900 నుంచి సగానికి దిగితే అది తనను తాను కాపాడుకుంటోంది. మే నెలలో ఏసీ లేని గదిలో, దుప్పటి మీద పెట్టి 200 జీబీ కాపీ చేస్తే ఇలాగే అవుతుంది. గచ్చు మీదో బల్ల మీదో పెట్టి ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

4 జీబీ సినిమా నిమిషంలో వెళ్తుంది. అదే 4 జీబీ ఫోల్డర్‌కి అరగంట పడుతోంది. ఎందుకీ తేడా?

ఫోల్డర్‌లో ఫైళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. తేడా అక్కడే ఉంది. ప్రతి ఫైలుకీ డేటా రాయడమే కాదు, పేరు, తేదీ, ఎక్కడ పెట్టామన్న చిట్టా కూడా రాయాలి. హార్డ్ డిస్క్‌లో ఇవి వేరువేరు చోట్ల ఉంటాయి, పళ్లెం మీద చదివే, రాసే సూది అటూ ఇటూ తిరగాలి. ఒక్క కదలికకు 12 మిల్లీసెకన్లు, ఫైలుకి మూడు కదలికలు అనుకుందాం. 40,000 ఫైళ్లకు 1,440 సెకన్లు, అంటే 24 నిమిషాలు సూది తిరగడానికే సరిపోతాయి. ఆ సమయంలో వేగం 1 లేదా 2 చూపిస్తుంది. కేబుల్ మార్చినా, పోర్టు మార్చినా ఇది మారదు.

మందు ఏమిటంటే ఫైళ్లన్నిటినీ ఒక మూట కట్టడం. 7-జిప్‌లో ‘యాడ్ టు ఆర్కైవ్’ నొక్కి, కంప్రెషన్ లెవెల్ దగ్గర ‘స్టోర్’ ఎంచుకోండి. ఫోటోలు, వీడియోలు అప్పటికే కుదించి ఉంటాయి, మళ్లీ కుదించాలని చూస్తే ప్రాసెసర్ సమయం దండగ. మూటను నేరుగా ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే తయారయ్యేలా పెట్టవచ్చు.

అయితే ఒక షరతు. చిన్న ఫైళ్లు ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలో ఉండి బయటి హార్డ్ డిస్క్‌కి వెళ్తుంటేనే ఈ ఉపాయం ఫలిస్తుంది. ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోనే చెల్లాచెదురుగా ఉంటే, మూట కట్టడానికైనా సూది వాటన్నిటి దగ్గరికీ వెళ్లాల్సిందే. అప్పుడు కాపీ పెట్టి రాత్రంతా వదిలేయడమే మేలు. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులు కాపీ చేసేవాళ్లు ‘నోడ్ మాడ్యూల్స్’ ఫోల్డర్‌ని వదిలేయండి. అవతల ఒక్క కమాండ్‌తో మళ్లీ వచ్చేస్తుంది.

యాంటీవైరస్ వల్ల కూడా నెమ్మదిస్తుందా?

పెద్ద ఫైళ్లకు ఆ ప్రభావం తక్కువ, వేల చిన్న ఫైళ్లకు బాగా కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ ప్రాసెసర్‌ని తినేస్తుంటే అదే కారణం. మీ సొంత డిస్క్, మీ సొంత ఫైళ్లు అయితే ‘విండోస్ సెక్యూరిటీ’లో ఎక్స్‌క్లూజన్స్ కింద ఆ ఒక్క ఫోల్డర్‌ని కాపీ అయ్యేవరకు చేర్చి, పని అయ్యాక తీసేయండి. జెరాక్స్ షాపుకో, స్టూడియోకో వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌కి మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వకండి.

‘బెటర్ పర్ఫార్మెన్స్’ సెట్టింగ్ మారిస్తే లాభం ఉందా?

హార్డ్ డిస్క్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద రాయడంలో ఉంటుంది, ముఖ్యంగా చిన్న ఫైళ్లకు. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లన్నిటికీ ‘క్విక్ రిమూవల్’ డిఫాల్ట్ అయింది. అంటే ఎప్పుడు లాగేసినా నష్టం తక్కువగా ఉండేలా, రాసింది వెంటనే డిస్క్‌కి పంపుతుంది. మార్చాలంటే:

1. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి.
2. డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి.
3. పాలసీస్ ట్యాబ్‌లో ‘బెటర్ పర్ఫార్మెన్స్’ ఎంచుకుని, కింద ‘ఎనేబుల్ రైట్ కేషింగ్’కి టిక్ పెట్టండి.

దాని కిందే బఫర్ ఫ్లషింగ్ ఆపేసే ఇంకో టిక్ ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి. కరెంటు పోయినా, కేబుల్ కదిలినా ఫైళ్లు పోతాయి. ఈ సెట్టింగ్ మార్చాక ‘సేఫ్లీ రిమూవ్’ చేయకుండా డిస్క్ తీయడం ఇక మానేయాలి. ఆ అలవాటు ఇంట్లో అందరికీ లేకపోతే క్విక్ రిమూవల్‌లోనే ఉంచండి.

ఏ ఫార్మాట్‌లో ఉంచాలి? ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్ 32?

విండోస్ మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్‌కీ విండోస్‌కీ తిప్పుతుంటే ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది కానీ అందులో రాయదు. ఫ్యాట్ 32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. టీవీ, కారు స్టీరియోల కోసం తప్ప దానితో పనిలేదు.

ఎక్స్‌ఫ్యాట్‌లో ఒక చిక్కు ఉంది. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ డిఫాల్ట్‌గా 128 కేబీ గడులుగా విడగొడుతుంది. 2 కేబీ ఫైలుకి కూడా ఒక గడి మొత్తం పోతుంది. అలాంటివి 40,000 ఉంటే, 80 ఎంబీ సరుకు 5 జీబీ చోటు ఆక్రమిస్తుంది. వీడియోలకు ఎక్స్‌ఫ్యాట్ బాగుంటుంది, చిన్న ఫైళ్ల గుట్టలకు కాదు. ఫార్మాట్ మారిస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందు వేరేచోట కాపీ ఉంచుకోండి.

వేగం మధ్యమధ్యలో సున్నాకి పోతోంది, డిస్క్ లోపల టిక్ టిక్ శబ్దం వస్తోంది. ఏం చేయాలి?

ఇక్కడ వేగం గురించి ఆలోచన వదిలేయండి, డేటా గురించి ఆలోచించండి. సూది ఒకే చోటును చదవలేక పదే పదే ప్రయత్నిస్తున్నప్పుడు ఇలా అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం ఉండి, వేగం సున్నా దగ్గర, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో ఉంటే డిస్క్ కష్టంలో ఉంది.

చేయాల్సినవి వరుసగా: ఫోల్డర్లన్నీ ఒకేసారి కాకుండా, మళ్లీ దొరకనివి ముందు తీసుకోండి. పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, ఆఫీసు ఫైళ్లు. సినిమాలు ఆఖరికి. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే ‘స్కిప్’ కొట్టి ముందుకెళ్లండి. ఆ తర్వాతే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టి చూడండి. 05, సీ5 అనే వరుసల్లో రా వాల్యూ సున్నా కాకపోతే పళ్లెం మీద చెడ్డ చోట్లు ఉన్నాయని అర్థం. సీ5 రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకూడదు. సీ7 అనేది వేరు, అది డిస్క్‌కీ కేసింగ్ బోర్డుకీ మధ్య సాటా కనెక్షన్‌లో వచ్చే తప్పుల లెక్క. అది పెరుగుతుంటే కేసింగ్ మారిస్తే సరిపోవచ్చు.

డేటా బయటపడకముందే ‘ఎర్రర్ చెకింగ్’ గానీ, డీఫ్రాగ్ గానీ నడపవద్దు. రెండూ నీరసించిన డిస్క్‌తో గంటలకొద్దీ పని చేయిస్తాయి. డీఫ్రాగ్ అయితే ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరగరాస్తుంది కూడా. టిక్ టిక్ ఆగకుండా వస్తూ డిస్క్ అసలు కనిపించకపోతే కరెంటు తీసేసి డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే. ఫ్రిజ్‌లో పెట్టడం, చేత్తో తట్టడం లాంటి చిట్కాలు ఉన్న అవకాశాన్నీ పోగొడతాయి.

శబ్దమేమీ లేదు. కానీ డిస్క్ డిస్కనెక్ట్ అయి మళ్లీ వస్తోంది.

ముందు కరెంటు అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలన్నది లెక్క. సొంత అడాప్టర్ లేని హబ్‌కి రెండు హార్డ్ డిస్క్‌లు తగిలిస్తే ఆ 900లోనే పంచుకోవాలి, పళ్లెం తిరగడం మొదలైనప్పుడు సరిపోదు. డిస్క్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిస్తే సాక్ష్యం దొరుకుతుంది. ఈవెంట్ ఐడీ దగ్గర 129 అంకె ఉంటే కనెక్షన్ రీసెట్ అయింది, కేబుల్, కరెంటు, కేసింగ్ చూడాలి. 153 అంటే అడిగిన పని మళ్లీ చేయాల్సి వచ్చింది. 7 అంటే చెడ్డ చోటు, పై ప్రశ్నకు వెళ్లండి.

కొత్త ఎస్‌ఎస్‌డీ మీద 2000 అని రాసి ఉంది. నాకు 1000 దాటడం లేదు.

ఆ 2000 రావాలంటే 3.2 జెన్ 2×2 అనే 20 గిగాబిట్ల పోర్టు కావాలి. అది చాలా ల్యాప్‌టాప్‌లలో లేదు, మ్యాక్‌లు దాన్ని తీసుకోవు. అలాంటిచోట డ్రైవ్ 10 గిగాబిట్లకు దిగి 1000 దగ్గర ఆగుతుంది. డ్రైవ్‌లో లోపం లేదు. కొనేముందే పోర్టు చూసుకుని ఉంటే తక్కువ ధరలో పని అయ్యేది.

హార్డ్ డిస్క్ తగిలించగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది, వైఫై పడిపోతోంది. సంబంధం ఉందా?

ఉంది. యూఎస్‌బీ 3.0 తీగలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. మౌస్ రిసీవర్ మాట్లాడేది అక్కడే. రిసీవర్‌ని ల్యాప్‌టాప్ రెండో పక్కకు మార్చండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

కొత్త కేబుల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

షాపులో ‘టైప్ సీ కేబుల్’ అని అడిగితే ఛార్జింగ్ కేబులే చేతిలో పెడతారు. డేటాకి, 10 గిగాబిట్లది అని అడగండి, కవరు మీద ఆ అంకె ఉందో లేదో మీరే చదవండి. వాట్లు మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. పొడవు మీటరు లోపు ఉండాలి, అరమీటరైతే ఇంకా మంచిది. హార్డ్ డిస్క్‌కైతే ఆ వెడల్పాటి రెండు ముక్కల ప్లగ్గు ఉన్నదే కావాలి, కాబట్టి డిస్క్‌ని వెంట తీసుకెళ్లండి. వీలైతే కౌంటర్ దగ్గరే పెద్ద ఫైలొకటి కాపీ పెట్టి, అంకె 40 దాటిందని చూశాకే డబ్బులివ్వండి.